హార్డ్‌టెయిల్ ఫ్రేము ఎంపిక: ఆగస్టు నుంచి నవంబరు దాకా నా అనుభవం

2025 ఆగస్టు రెండో వారంలో సైకిల్ కడుగుతుండగా, సీటు గొట్టమూ పై గొట్టమూ కలిసే చోట, వెల్డింగ్ అంచు వెంబడి వెంట్రుక మందాన ఒక గీత కనిపించింది. రంగు మీద పడిన గీత కావచ్చునని గోటితో గీరి చూశాను. గోరు అందులో దిగింది. అది 29 అంగుళాల చక్రాలున్న అల్యూమినియం హార్డ్‌టెయిల్, అంటే ముందు ఫోర్కుకు మాత్రమే సస్పెన్షన్ ఉండి వెనుక లేని సైకిల్. దానిని నేను మరొకరి దగ్గర కొన్నందువల్ల, మొదటి యజమానికి మాత్రమే వర్తించే ఫ్రేము వారంటీ నాకు లేదు. వారమంతా బ్రాడీపేట నుంచి కళాశాలకు, ఆదివారాలు అమరావతి రోడ్డు మీదో కొండవీడు ఘాట్ మీదో, వీలు చిక్కినప్పుడు గుంటూరు ఛానల్ గట్టు వెంట, నల్లపాడు వైపు పొలాల డొంకల్లో తిరగడానికి నాకున్నది ఆ ఒక్క సైకిలే. అందువల్ల రాబోయే ఫ్రేము ఏ ఒక్క పనిలోనూ అన్నిటికంటే మేలైనది కాకపోయినా ఫరవాలేదు గాని, ఏ పనికీ మొండికేయకూడదు.

మొదట అతికించడం గురించే ఆలోచించాను. విజయవాడ ఆటోనగర్‌లో ఆర్గాన్ వెల్డింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి, విడిభాగాలన్నీ ఊడదీసిన ఒట్టి ఫ్రేమును పట్టుకుని వెళ్ళాను. ఆయన దానిని వెలుతురులోకి తిప్పి చూసి, "అతుకు నిలుస్తుంది సార్, అతుకు పక్కది నిలవదు" అన్నారు. ఆయన మాట సరైనదే. సైకిల్ ఫ్రేములకు వాడే 6061 రకం అల్యూమినియానికి బలం టీ6 అనే ఉష్ణోపచారం వల్ల వస్తుంది. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ బలం చాలావరకు పోతుంది, అది తిరిగి రావాలంటే ఫ్రేము మొత్తాన్ని కొలిమిలో పెట్టి, చల్లార్చి, మళ్ళీ తక్కువ వేడిలో కొన్ని గంటలు ఉంచాలి. గొట్టాలు వంకర పోకుండా ఆ పని చేసి పెట్టే చోటు నాకు దొరకలేదు. పెద్దాయన డబ్బు తీసుకోకుండా టీ తాగించి పంపారు. బస్సులో తిరిగి వస్తున్నప్పుడు ఒళ్ళో ఉన్న ఆ ఫ్రేమును చూసి పక్క సీటాయన "తుక్కుకా?" అని అడిగితే సమాధానం చెప్పబుద్ధి కాలేదు.

ఫ్రేము ఒక్కటే కొనాలని నిర్ణయించుకోవడానికి కారణం, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కునూ బ్రేకులనూ పెడళ్ళు బిగించే క్రాంకునూ నేను అంతకు ముందు ఏడాదిలోనే మార్పించి ఉండడం. "ముప్పై వేలు పెడితే చక్రాలు కూడా రావా?" అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు ఆ రోజు నేను చెప్పిన జవాబు ఆమెకు ఎంతమాత్రం నచ్చలేదు. ఆగస్టు చివర్లో నాలుగైదు చోట్ల ధరలు కనుక్కోవడం మొదలుపెట్టాను. మన దగ్గర హార్డ్‌టెయిల్ అంటే పూర్తి సైకిలే అమ్ముతారు, ఒట్టి ఫ్రేము అడిగితే దుకాణదారులు మనల్ని వింతగా చూస్తారు. గుంటూరులోనూ విజయవాడలోనూ ఎక్కడా నిల్వ లేదు; హైదరాబాదులో ఒక చోట నా కొలతకు రెండు పరిమాణాల పెద్దది ఉంది; బెంగళూరులోని ఒక డీలరు తెప్పించి ఇస్తానన్నారు. ఇంగ్లండు నుంచి నేరుగా తెప్పించుకుంటే ఎంతవుతుందో కూడా లెక్క వేశాను. ప్రకటించిన ధరకు కొరియర్ ఖర్చునూ కస్టమ్స్ సుంకాన్నీ కలిపేసరికి అది ఒకటిన్నర రెట్లు దాటింది, పైగా తేడా వస్తే తిప్పి పంపే దారి లేదు. ఆ ఆలోచన మానుకున్నాను.

బెంగళూరు డీలరు చెప్పిన ధర పన్ను కాకుండా రూ. 34,000. అప్పటి 12 శాతం జీఎస్టీతో అది రూ. 38,080 అయ్యేది. సెప్టెంబరు 3న జరిగిన జీఎస్టీ మండలి సమావేశంలో సైకిళ్ళ మీద, వాటి విడిభాగాల మీద పన్నును 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. అది సెప్టెంబరు 22 నుంచి అమలు. అంటే దాదాపు మూడు వారాలు ఓపిక పడితే రూ. 2,380 మిగులుతుంది. ఓపిక పట్టాను. ఈ నిరీక్షణ వల్ల డబ్బు కంటే ఎక్కువ మేలు జరిగింది: ఆ మూడు వారాలలో చదివి, కొలిచి, తొక్కి చూసి ఉండకపోతే ఫ్రేము రంగు చూసి ఆర్డరు ఇచ్చేవాడిని.

కొత్తపేటలో చాలా ఏళ్ళుగా చక్రాలు కడుతున్న మెకానిక్ బాబాయికి నా ఆలోచన చెప్పినప్పుడు ఆయన మొదట అన్న మాట ఇది: "మాస్టారూ, ముందు మీ దగ్గరున్న సామాను కొలవండి, తర్వాత ఫ్రేము చూడండి." నేను ఫిజిక్స్ చెప్పేవాడిని కాబట్టి ల్యాబులోని వెర్నియర్ కాలిపర్ తెచ్చి ఆ పనికి కూర్చున్నాను. నా వెనుక చక్రం ఇరుసు దగ్గర 135 మి.మీ. వెడల్పుతో, మీట తిప్పి ఊడదీసే క్విక్ రిలీజ్ రకం. ఇప్పుడు వచ్చే ట్రెయిల్ (కొండ దారుల) ఫ్రేములలో ఎక్కువ భాగం బూస్ట్ అనే 148 మి.మీ. వెడల్పుకు, చక్రం మధ్యగా దూరి ఫ్రేములో మరతో బిగుసుకునే 12 మి.మీ. మందం గల త్రూ యాక్సిల్‌కు తయారవుతున్నాయి. నా సీటు పోస్టు (సీటును నిలిపే కడ్డీ) మందం 27.2 మి.మీ., కొత్త ఫ్రేములలో 30.9 గాని 31.6 గాని ఉంటోంది. నా ఫోర్కు కాండం పైనుంచి కిందికి ఒకే మందంతో నిటారుగా ఉండే పాత రకం, కొత్త ఫ్రేములు కింద లావుగా ఉండే టేపర్డ్ రకానికి చేసినవి. ముందు డీరెయిలర్, అంటే ముందు పళ్ళచక్రాల మీద చెయిన్‌ను మార్చే భాగం, తగిలించే చోటు చాలా ఫ్రేములలో అసలు లేదు. పెడళ్ళ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ మాత్రం ఎక్కువ వాటిలో 73 మి.మీ. మరల రకం కాబట్టి క్రాంకు నేరుగా ఎక్కుతుంది. ఫ్రేము ధర పక్కన ఈ తేడాల ధరను కూడా రాసుకుంటే తప్ప ఏది చవకో, ఏది ప్రియమో తెలియదు. రూ. 5,000 తక్కువకు వచ్చే ఒక ఫ్రేము, మరలు లేకుండా నొక్కి కూర్చోబెట్టే ప్రెస్‌ఫిట్ బాటమ్ బ్రాకెట్ ఉన్నందువల్ల, నాకు చివరికి ఎక్కువకే తేలింది.

ఆ తర్వాత కోణాల సంగతి. ఈ విషయంలో వీడియోలన్నీ ఒకే పాట పాడతాయి: హెడ్ యాంగిల్ (ఫోర్కు కాండం నేలతో చేసే కోణం) ఎంత వాలుగా ఉంటే అంత మంచిది, సీటు గొట్టం ఎంత నిటారుగా ఉంటే అంత మంచిది. నాకు ఈ రెండో సగంతో పేచీ ఉంది. నిటారు సీటు గొట్టం కొండ ఎక్కేటప్పుడు బరువును ముందుకు తెచ్చి సాయపడుతుంది, నిజమే. కాని మన కృష్ణా తీరంలో మనం తొక్కేదాంట్లో ఎక్కువ భాగం చదును నేల. ముప్పై కిలోమీటర్లు చదునుగా తొక్కితే ఆ బరువంతా అరచేతుల మీద పడుతుంది. పైగా హార్డ్‌టెయిల్‌లో ముందు ఫోర్కు ఒక్కటే కుంగుతుంది, వెనుక కుంగదు. మనిషి ఎక్కి కూర్చోగానే సైకిల్ ముందుకు వాలి, కోణాలు రెండూ ఇంకా నిటారవుతాయి. ఫోర్కు పొడవులో 20 మి.మీ. తేడాకు కోణంలో దాదాపు 1 డిగ్రీ తేడా వస్తుందని లెక్క. 120 మి.మీ. దాకా కుంగగల ఫోర్కు, మనిషి కూర్చోగానే 25 మి.మీ. కుంగితే, కాగితం మీద 74 డిగ్రీలున్న సీటు గొట్టం నిజానికి 75 దాటినట్టే. రెండు వైపులా సస్పెన్షన్ ఉన్న సైకిళ్ళ అంకెలను చూసి హార్డ్‌టెయిల్ ఎంచుకోవడం ఇందువల్లనే కుదరదు.

ఈ లెక్కలు నిజమో కాదో తొక్కి చూడాలి. విజయవాడ మొగల్రాజపురంలో ఉండే ఒక మిత్రుడి దగ్గర, ఆయన తమ్ముడి దగ్గర కలిపి రెండు వేర్వేరు తరహా హార్డ్‌టెయిల్స్ ఉన్నాయి. కాని సెప్టెంబరు 22నే దసరా ఉత్సవాలు మొదలయ్యాయి. ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల రోడ్లన్నీ మళ్ళించి ఉన్న రోజుల్లో సైకిళ్ళతో ఊరు దాటడం మాటలు కాదు. అక్టోబరు 2న విజయదశమి అయ్యాక, ఆ ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి ఇబ్రహీంపట్నం దాటి మూలపాడు వైపు, కొండపల్లి అడవి అంచున ఉన్న దారుల్లోకి వెళ్ళాము. ఒక సైకిల్ హెడ్ యాంగిల్ 64.5 డిగ్రీలు, ఫోర్కు 140 మి.మీ.; రెండోది 69 డిగ్రీల రేసు తరహాది, ఫోర్కు 100 మి.మీ. ఒకే రాతి దారిని మార్చి మార్చి తొక్కాము.

దిగేటప్పుడు మొదటి సైకిల్ మీద నాకు భయమే వేయలేదు, రెండోదాని మీద రెండు చోట్ల దిగి నడిచాను. ఎక్కేటప్పుడు కథ తిరగబడింది: నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు మొదటి సైకిల్ హ్యాండిల్ మొండి ఎద్దులా ఒకవైపుకు లాగుతుంటే దానిని నిటారుగా పట్టుకోవడానికే సగం శక్తి పోయింది. తిరుగు ప్రయాణంలో తారురోడ్డు మీద దాని సీటు కోణం 77 డిగ్రీలు కావడం వల్ల నా అరచేతులు తిమ్మిరెక్కాయి. మిత్రుడు ప్రతి శనివారం అదే కొండకు వెళ్తాడు కాబట్టి ఆయనకు అది సరైన సైకిలే. నాకు కావలసింది ఈ రెండింటికీ మధ్యలో ఉందని ఆ రోజే తేలింది: హెడ్ యాంగిల్ 66, 67 డిగ్రీల మధ్య, సీటు 74 దగ్గర, ఫోర్కు 120 మి.మీ. నా ఎత్తు 168 సెం.మీ.; రీచ్ (పెడళ్ళ ఇరుసు నుంచి ముందు గొట్టం తల దాకా అడ్డంగా దూరం) 435 మి.మీ. ఉన్న మీడియం పరిమాణం, హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్ 50 మి.మీ. ఉంటే నాకు సరిపోయింది. కంపెనీల పట్టికలు నా ఎత్తును స్మాల్‌కూ మీడియానికీ నడుమ వదిలేస్తాయి. సీటు గొట్టం పొట్టిగా ఉందో లేదో చూసి నిర్ణయించుకున్నాను; నేను తీసుకున్నది 420 మి.మీ., తర్వాత డ్రాపర్ పోస్టు, అంటే మీట నొక్కితే కిందికి దిగే సీటు పోస్టు, వేసుకోవడానికి చోటు మిగులుతుంది.

ఎవరూ గట్టిగా చెప్పని అంశం ఒకటుంది, గుంటూరువాళ్ళకు అదే ముఖ్యం. మన నల్లరేగడి వానకు తడిసిందంటే టైరుకు పొరలు పొరలుగా చుట్టుకుని, వెనుక చక్రానికి రెండు పక్కలా ఉండే చెయిన్‌స్టే గొట్టాల మధ్య ఇరుక్కుని, చక్రం తిరగకుండా బిగుసుకుపోతుంది. నా పాత ఫ్రేములో టైరుకూ గొట్టానికీ మధ్య ఖాళీ 4 మి.మీ. కూడా లేదు, వానాకాలం డొంకలో సైకిల్‌ను భుజాన మోసుకుని రోడ్డెక్కిన రోజులు ఉన్నాయి. కాబట్టి ఏ ఫ్రేము చూసినా, ఎంత టైరు పడుతుంది అని కాక, నేను వాడే టైరు వేశాక ఎంత ఖాళీ మిగులుతుంది అని అడిగాను. కంపెనీ రాసే "2.5 అంగుళాల వరకు" అన్న మాట పొడి నేలకు రాసినది. డీలరు చేత వెనుక వంపు దగ్గర లోపలి వెడల్పును కొలిపించి ఫోటో పంపమన్నాను. మొదట విసుక్కున్నా పంపారు. 75 మి.మీ. వచ్చింది. 2.25 అంగుళాల టైరు సుమారు 57 మి.మీ. ఉంటుంది, అంటే ఒక్కో వైపు 9 మి.మీ. నాకు ఈ ఒక్క అంకె మిగతా అన్నిటికంటే ఎక్కువ ధైర్యాన్ని ఇచ్చింది.

లోహం విషయంలో నేను ఉక్కు వైపు, అంటే 4130 క్రోమోలీ వైపు మొగ్గాను. అది మెత్తగా సాగుతుందనే మాట విని కాదు; టైరులో గాలి నాలుగు పీఎస్‌ఐ తగ్గిస్తే వచ్చే మెత్తదనం ముందు ఫ్రేము మెత్తదనం లెక్కలోకి రాదని నా అభిప్రాయం. ఆటోనగర్ పెద్దాయన మాట మనసులో నాటుకుపోయింది: ఉక్కు పగిలితే ఊళ్ళో అతికించుకోవచ్చు. బదులుగా, అదే తరహా అల్యూమినియం ఫ్రేము కంటే దాదాపు 700 గ్రాముల బరువు అదనంగా మోస్తున్నాను. రెండో ఇబ్బంది తుప్పు. దానికి పెయింటు దుకాణంలో దొరికే ఉడికించిన అవిసె నూనె లీటరు డబ్బా కొని, గొట్టాల లోపల పోసి అటూ ఇటూ తిప్పి, మిగిలింది కారిపోయాక వారం పాటు ఆరబెట్టాను. నూనె ఒలికిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, పరిచి ఆరనివ్వాలి.

అక్టోబరు రెండో వారంలో రూ. 35,700 మొత్తం ముందే చెల్లించాను. పది రోజులన్నారు. పంపిణీదారు దగ్గర నా పరిమాణం లేక అక్కడే రెండు వారాలు గడిచాయి. పార్సిల్ బయలుదేరిన సమయానికి మొంథా తుపాను అక్టోబరు 28 రాత్రి తీరం దాటింది. రైళ్ళు, లారీలు ఎక్కడికక్కడ ఆగిన ఆ వారంలో ట్రాకింగ్ తెరను చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. డబ్బంతా కట్టేసి, సైకిల్ లేకుండా, షేర్ ఆటోలో కళాశాలకు వెళ్తూ గడిపిన ఆ రోజులలో ఈ పని మొదలుపెట్టకుండా ఉండవలసిందేమో అని అనిపించింది. నవంబరు మొదటి వారంలో పెట్టె వచ్చింది.

పెట్టె విప్పగానే ముచ్చట పడ్డాను, తర్వాత లేనివాటిని లెక్కపెట్టాను. త్రూ యాక్సిల్ లేదు. వెనుక డీరెయిలర్ తగిలించే గేరు హ్యాంగర్ ఉంది. హెడ్‌సెట్, అంటే ఫోర్కు తిరిగే బేరింగుల జత, రాదని ముందే తెలుసు. యాక్సిల్ మరలలో మూడు నాలుగు రకాలున్నాయి, పొడవులు వేరు. అదృష్టవశాత్తు ఈ ఫ్రేము యూడీహెచ్ అనే సార్వత్రిక హ్యాంగర్ పద్ధతిది కాబట్టి మర పిచ్ (మర గాట్ల మధ్య దూరం) 1.0 మి.మీ. అని ఖాయంగా తెలుసు, పొడవు ఒక్కటే కొలవవలసి వచ్చింది. డీలరును అడిగితే మరో వారానికి పంపారు. బాటమ్ బ్రాకెట్ మరలలో రంగు పేరుకుని ఉంది, బ్రేకు బిగించే ముఖాల మీద కూడా రంగే. మరలు శుభ్రం చేసే ట్యాప్ అనే పనిముట్టు గుంటూరులో ఎవరి దగ్గరా లేదు. విజయవాడలో ఒక షాపులో ఆ పని చేయించడానికి రూ. 600 తీసుకున్నారు. ఇది కొత్త ఫ్రేములలో మామూలేనట. ఫ్రేము కొనేవారు ఈ ఖర్చును ముందే పక్కన పెట్టుకోవడం మంచిది.

ఫోర్కును ఎక్కించడమే అన్నిటికంటే ఆలోచింపజేసిన పని. ఫోర్కు కాండం దూరే ముందు గొట్టం, అంటే ఈ ఫ్రేము హెడ్ ట్యూబు, 44 మి.మీ. లోపలి కొలతతో నిటారుగా ఉంటుంది; దాని కింద బయటికి కనిపించే బేరింగు కప్పు వేస్తే టేపర్డ్ ఫోర్కు, లోపల ఇమిడే కప్పు వేస్తే నా పాత నిటారు ఫోర్కు పడతాయి. అందరూ రెండోదే వేయమన్నారు, అది చవక కూడా. కాని నా ఫోర్కు ప్రయాణం 100 మి.మీ., ఫ్రేము 120కి గీసినది. అప్పటికే ముందు భాగం 20 మి.మీ. కిందికి దిగుతుంది, బయటి కప్పు కూడా లేకపోతే మరో 12 మి.మీ. దిగుతుంది. అప్పుడు హెడ్ యాంగిల్ ఒకటిన్నర డిగ్రీలు నిటారై, పెడళ్ళు ఒక సెంటీమీటరు దాకా నేలకు దగ్గరై, కొండవీడు రాళ్ళకు తగులుతాయి. కాబట్టి టేపర్డ్ రకానికి పనికివచ్చే బయటి కప్పే తీసుకుని, కింద బేరింగులో పాత ఫోర్కు కూర్చోవడానికి సన్నం చేసే రింగు వేయించాను. రేపు కొత్త ఫోర్కు కొన్నప్పుడు ఆ ఒక్క రింగు తీసేస్తే చాలు. హెడ్‌సెట్, రింగు కలిపి రూ. 3,400 అయింది.

వెనుక చక్రానికి కొత్తపేట బాబాయే దిక్కయ్యారు. పాత రిమ్ము 32 రంధ్రాలది, బాగానే ఉంది, చక్రం నడుమ ఉండే హబ్బును 148 మి.మీ. షిమానోది తెప్పించి, కొత్త పుల్లలతో కట్టించాను. హబ్బు ఎంచుకునేటప్పుడు పాత 10 గేర్ల క్యాసెట్ (వెనుక పళ్ళచక్రాల గుత్తి) ఎక్కే రకమే అడిగాను. 12 గేర్ల రకం హబ్బు తీసుకుని ఉంటే క్యాసెట్, షిఫ్టర్, డీరెయిలర్, చెయిన్ అన్నీ మార్చవలసి వచ్చేది. కాని ఆ హబ్బుకు బ్రేకు డిస్కు సెంటర్‌లాక్ పద్ధతిలో బిగుస్తుంది, నా డిస్కు ఆరు బోల్టులది. మధ్యలో ఒక అడాప్టర్ కొనవలసి వచ్చింది. హబ్బు, పుల్లలు, అడాప్టర్, కట్టినందుకు కూలీ కలిపి ఆరు వేలు దాటింది. ముందు డీరెయిలర్ పోయింది కాబట్టి క్రాంకుకు 32 పళ్ళ ఒంటి చక్రం, సీటు పోస్టుకు సందు పూడ్చే ఒక షిమ్, కొత్త కేబుళ్ళు కొన్నాను. యాక్సిల్ కోసం, పుల్లల కోసం, విజయవాడ షాపులో వంతు కోసం ఆగుతూ ఆగుతూ నవంబరు నాలుగో వారానికి సైకిల్ నిలబడింది. మొత్తం ఖర్చు యాభై వేలకు కొంచెం అటుగా తేలింది. అదే డబ్బుకు ఒక మంచి అల్యూమినియం హార్డ్‌టెయిల్ చక్రాలతో సహా వచ్చేది. చేతిలో మంచి ఫోర్కు, బ్రేకులు లేనివారికి నేను ఆ దారే చెబుతాను. మా ఆవిడకు ఈ లెక్క మొత్తం చూపించలేదు, విడివిడిగా చెప్పాను.

మొదటి వారం కళాశాలకు వెళ్ళి రావడంలో తేడా ఏమీ తెలియలేదు, అది మంచి సంకేతంగానే తీసుకున్నాను. అమరావతి దాకా వెళ్ళి వచ్చిన రోజున చేతులు తిమ్మిరెక్కలేదు. కొండవీడు ఘాట్ ఎక్కేటప్పుడు బరువు తెలిసింది, ముఖ్యంగా ఆఖరి మలుపుల్లో. దిగేటప్పుడు మాత్రం పాత సైకిల్ మీద బ్రేకు వదలని చోట్ల వదలగలిగాను. వాన పడిన మర్నాడు కావాలనే నల్లపాడు డొంకలోకి దించాను. మట్టి పట్టుకుంది, చెయిన్‌స్టేల దగ్గర ముద్ద కట్టింది, చక్రం ఆగలేదు. ఇంటికొచ్చి కడగడానికి గంట పట్టింది.

ఇక మిగిలింది 120 మి.మీ. టేపర్డ్ ఫోర్కు. అది 15 మి.మీ. యాక్సిల్‌తో వస్తుంది కాబట్టి నా ముందు హబ్బు కూడా మారాలి, మళ్ళీ పుల్లలు, మళ్ళీ బాబాయి. రెండూ కలిపి పాతిక వేలు దాటేట్టున్నాయి. వేసవి సెలవుల దాకా ఆగుతాను. విడి గేరు హ్యాంగర్ ఒకటి మాత్రం ఇప్పటికే కొని సీటు కింద సంచిలో పెట్టుకున్నాను.